ఖాళీ చేతుల వేటగాళ్లు వేసిన స్లాబు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్లిళ్లు చేసుకునే ఫంక్షన్ హాలు కట్టి చూడు అని మాత్రం అనలేదు. ఆ రెండు కష్టాలూ ఒకే కప్పు కింద చేరతాయని పాపం వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. నేను సొంతంగా పట్టిన మొట్టమొదటి పని మణుగూరులో ఒక ఫంక్షన్ హాలు.

మాది తల్లాడ. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి ఈ లైన్లోకి వచ్చాను. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా షాపింగ్ కాంప్లెక్సులు, లాడ్జీలు, పెట్రోలు బంకులు కట్టీ కట్టీ ఈ మధ్యనే నా పసుపు హెల్మెట్‌ను గోడకు తగిలించాను. మా మేనల్లుడు, వాడి స్నేహితులు ఇప్పుడు ఇదే పనిలోకి దిగుతున్నారు. "ఏమన్నా చెప్పు మామా" అని నా వెంట పడుతున్నారు. టెండరు ఎట్లా వేయాలో, లైసెన్సు ఎట్లా పెంచుకోవాలో చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. నేను ఆ హాలు స్లాబు సంగతి చెబుతాను. కాంట్రాక్టరు పని అంటే ఏమిటో నాకు ఆ ఒక్క రోజున తెలిసినంతగా ఇంకెప్పుడూ తెలియలేదు. ఆ రోజును తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒంటరిగా కూర్చుని ఉన్నా నవ్వొస్తుంది. మా ఆవిడ వంటింట్లోంచి "మళ్లీ ఆ స్లాబేనా" అంటుంది.

దామోదరం గారి నల్లా

అప్పట్లో ఖమ్మంలో దామోదరం గారంటే పెద్ద కాంట్రాక్టరు. తెల్ల చొక్కా, తెల్ల జీపు, నవ్వని మొహం. ఆయన దగ్గర చాలా ఏళ్లు సైట్ సూపర్‌వైజరుగా చేశాను. నేర్చుకున్నది తక్కువేం కాదు. ఇసుకను గుప్పిట్లో పట్టి నలిపి, అందులో మట్టి ఎంత ఉందో చెప్పేవాడు. ఇనుము కట్టిన తీరు నచ్చకపోతే ఓనరు ఎంతటివాడైనా సరే స్లాబు పోయనిచ్చేవాడు కాదు. ఆ ఒక్క విషయానికి ఆయనకు ఈ రోజుకూ దండం పెడతాను.

మనుషుల విషయంలో ఆయన లెక్క వేరు. లేబరంటే ఆయనకు నల్లా నీళ్లు. తిప్పితే రావాలి, కట్టేస్తే ఆగాలి. రాకపోతే తిట్టడం, తిట్టినా రాకపోతే ఇంకో ఊరి నుంచి లారీలో తోలుకురావడం. "వాళ్ల పండుగలు, వాళ్ల సుట్టాలు మనకెందుకయ్యా? పొద్దుగాల మనిషి సైటు మీద ఉండాలె, గంతే" అనేవాడు. పెద్ద ఊళ్లలో ఆ లెక్క నడుస్తుంది. అడవి అంచున నడవదని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

రెండు వేలు దాటిన కొత్తలో నేను సొంతంగా పని పట్టుకుంటానని చెబితే ఆయన తిట్టలేదు. కళ్లజోడు తుడుచుకున్నాడు.

"కుక్క తోక పట్టుకొని గోదారి ఈదుతనంటున్నవ్ నర్సింహం. ఈదు. ఒడ్డు మీద నేనే ఉంట. మళ్ల నా దగ్గరికే వస్తవ్."

నాకు కోపం వచ్చింది. దానికన్నా భయం ఎక్కువ వేసింది. ఎందుకంటే ఆయన మాట మామూలుగా తప్పదు.

నడుమ స్తంభం వద్దన్న సాబ్

మణుగూరు బజారులో జలీల్ సాబ్‌ది బట్టల కొట్టు. వాళ్ల తాతల నాటి నుంచి అదే వ్యాపారం. బొగ్గుగనుల కాలనీల్లో పెళ్లంటే చీరలు ఆయన కొట్లోనే కొనేవాళ్లు. చీరలు బేరమాడుతూనే "షామియానా కింద పెళ్లి చేస్తే వానొస్తది సాబ్, ఏం చెయ్యాలె" అని ఆయనకే మొరపెట్టుకునేవాళ్లు. విని విని ఆయనకు ఫంక్షన్ హాలు కట్టాలని బుద్ధి పుట్టింది. అందులో జరిగే మొదటి ఫంక్షన్ తన కూతురి నిఖా కావాలని ఇంకా గట్టిగా పుట్టింది. పునాది తవ్వకముందే వంటవాడికి చెప్పి పెట్టుకున్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ పని అని నేనంటే, "సోమలింగం కాదు భాయ్, బిర్యానీ" అన్నాడు.

ఆయన అన్నలిద్దరికీ నా మీద నమ్మకం లేదు. పని దామోదరం గారికే ఇవ్వమన్నారు. జలీల్ సాబ్ పట్టుబట్టి నాకిచ్చాడు. ఇంట్లో గొడవలై చివరికి ఒక మాట మీదికి వచ్చారు. మృగశిర కార్తె వచ్చేలోగా స్లాబు పడాలి. పడకపోతే పని నా చేతిలోంచి తీసి దామోదరం గారికి ఇచ్చేస్తారు. వానలు మొదలైతే స్లాబు వెనక్కి, స్లాబు వెనక్కి పోతే నిఖా వెనక్కి, కాబట్టి వాళ్ల మాటలో న్యాయం ఉంది. నేను సరేనన్నాను. అట్లా మొదటి పనే చేజారితే ఆ చుట్టుపక్కల నన్ను ఇంకెవరూ పిలవరు. మళ్లీ దామోదరం గారి జీపు వెనక సీటే గతి.

పని మొదలయ్యాక జలీల్ సాబ్ ప్లాను చూసి నడుమ ఉన్న స్తంభాల మీద వేలు పెట్టాడు.

"ఇవి ఏంది భాయ్?"

"స్తంభాలు. స్లాబును మోస్తాయి."

"దీని ఎనుక కూసున్నోళ్లకు పెళ్లికొడుకు ఎట్ల కనిపిస్తడు?"

"లేచి నిలబడితే కనిపిస్తాడు."

"నిలబడి బిర్యానీ ఎట్ల తింటరు?"

ప్లాను చుట్టి చంకలో పెట్టుకున్నాను. హైదరాబాదు వెళ్లి, డిజైన్ ఇంజనీరును బతిమాలి, నడుమ స్తంభాలు తీయించి గోడ నుంచి గోడకు పొడుగు బీములు పెట్టించాను. కొత్తవాళ్లు ఓనరు మనసు మారిస్తే కోపం తెచ్చుకుంటారు. కోపం అనవసరం. పెళ్లికొడుకు కనపడని హాలు ఎవడికి కావాలి? ఆయన అడిగింది న్యాయమే. పునాదికి ముందే ఓనరును కూర్చోబెట్టి, ఎక్కడ ఎవరు కూర్చుంటారు, ఏం తింటారు అని అడగడం మన పని.

అయితే ఆ పొడుగు బీములతో ఒక చిక్కు వచ్చింది. బీములూ స్లాబూ కలిపి ఒకే రోజున, ఎక్కడా ఆపకుండా పోయాలి. సగంలో ఆగితే అక్కడ అతుకు పడుతుంది. అంత పొడుగు బీములో అతుకంటే బలం పోయినట్టే, పైగా వానకు కారుతుంది. అంటే మనుషులు ఎక్కువమంది కావాలి, అందరూ ఒకేసారి కావాలి.

అడవి క్యాలెండరు

నా లేబరు మణుగూరు దాటాక రోడ్డు పక్కనే ఉన్న ఒక కోయ గూడెం వాళ్లు. వాళ్లకు పెద్ద జోగమ్మ. గట్టి గొంతు, గట్టి మనిషి, బేరంలో అంతకన్నా గట్టి. మనుషులను పిలవడం, కూలి తేల్చడం అంతా ఆమెదే. ఆమె భర్త ముత్తయ్య మాత్రం మెత్తని మనిషి, ఆమె ఏమంటే అదే అనేవాడు.

ఆ ఎండాకాలమంతా నేను ఆ గూడెం చుట్టూ తిరిగాను. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారగానే ఊరు ఊరంతా పువ్వు ఏరుతూ చెట్ల కింద ఉంటుంది. తర్వాత బీడీలు చుట్టే తునికాకు. ఆకు కోతకు ఇంటిల్లిపాదీ పోతారు, చీఫ్ ఇంజనీరు వచ్చి పిలిచినా రారు. ఎందుకు రావాలి? ఆ ఆకు మీద వచ్చేది వాళ్ల సంవత్సరానికి ఆసరా. మన స్లాబు వాళ్లకు ఏ మూలకు? అందుకే ఆకు కోత అయ్యేదాకా ఓపిక పట్టి, అప్పుడు రోజు పెట్టుకున్నాను.

ఆ రోజు పెట్టుకోవడం కూడా చిన్న కథ. మా సైదులు మేస్త్రీ పంచాంగం చూపించుకుని మంచిరోజు తెచ్చాడు. జలీల్ సాబ్ శుక్రవారం వద్దన్నాడు, జుమా నమాజు ఉంటుందని. అన్నీ కూడి కుదిరింది మృగశిరకు సరిగ్గా ముందు రోజు. నేను గూడేనికి పోయి చెప్పాను. "అవ్ సారూ, వస్తం" అంది జోగమ్మ. నేను సంతోషంగా వెనక్కి వచ్చాను.

మేం అన్ని లెక్కలూ చూసుకున్నాం, ఒక్క లెక్క తప్ప. విత్తనాలు వేసే ముందు కోయ గూడేల్లో భూమి పండుగ చేస్తారు. అది ఫలానా రోజని ఏ క్యాలెండరులోనూ ఉండదు. ఊరి పూజారి, పెద్దలు కూర్చుని ఎప్పుడు పెడితే అప్పుడే. నేను వచ్చిన తర్వాత వాళ్లు కూర్చున్నారు. నా స్లాబు రోజునే పెట్టారు. జోగమ్మ నాకు కబురు చేయలేదు. పండుగ సంగతి ఆ రోడ్డు మీద పోయే కాకికి కూడా తెలుసని ఆమె నమ్మకం.

స్లాబు రోజు

పొద్దున్నే మిక్సరుకు పూలదండ వేశాం. సైదులు కొబ్బరికాయ కొట్టాడు, జలీల్ సాబ్ చేతులెత్తి దువా చేశాడు. స్లాబు రోజున పనివాళ్లకు భోజనం పెట్టడం ఓనరు మర్యాద. జలీల్ సాబ్ రెండు మేకపోతులను కోయించి వెనకవైపు పొయ్యిల మీదికి పెద్ద వంట గంజులు ఎక్కించాడు. ఇసుక, కంకర, సిమెంటు, వైబ్రేటరు, ఇనుము అన్నీ ఉన్నాయి. స్లాబు గట్టిపడేదాకా కింద నుంచి మోసే సెంట్రింగ్ సామాను దామోదరం గారి దగ్గరే కిరాయికి తెచ్చి బిగించాను. టౌనులోని మేస్త్రీలు ఉన్నారు. తట్టలు మోసే మనుషులు ఒక్కరూ లేరు. గూడేనికి పంపిన ట్రాక్టరు కూడా తిరిగి రాలేదు.

దామోదరం గారు మాత్రం వచ్చాడు. జలీల్ సాబ్ అన్నలు పిలిపించారట. జీపు దిగి, షామియానా కింద కుర్చీ వేయించుకుని కూర్చుని, ఆకాశం వైపు చూశాడు. గోదావరి మీదుగా నల్లని మబ్బు లేస్తోంది.

"మొదలుపెట్టు నర్సింహం" అన్నాడు చల్లగా.

"ఉన్నోళ్లతోటి మొదలుపెడదామా?" అని సైదులును అడిగాను.

"వద్దు సారూ. మొదలుపెడితే ఆపలేం. ఇప్పటికైతే పని ఆగింది గంతే. నడుమల ఆగితే బీము పోతది."

బైకు తీసి గూడెం దారి పట్టాను. నిజం చెప్పాలంటే దారి పొడుగునా ఆయన జీపు వెనక సీటే కళ్ల ముందు కనపడింది.

గూడెం ఇంకా రాకముందే డోలు చప్పుడు వినపడింది. మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు. దాని వెనక ఊళ్లోని ఆడవాళ్లందరూ ఒకరి నడుం మీద ఒకరు చేతులు వేసి వరుసగా రేల పాటలు పాడుతూ ఆడుతున్నారు. మా ట్రాక్టరు పక్కన నిలిపి ఉంది. డ్రైవరు ఆ వరుస చివర ఆడుతున్నాడు, వాడి మొహంలో బాధ ఏమీ లేదు. భూమి పండుగ రోజు మగవాళ్లు అడవిలోకి వేటకు పోతారు. ఆడవాళ్లు దారి కాసి, వచ్చేపోయే బళ్లను ఆపి పండుగ కానుక తీసుకుంటారు. ఆ రోజు రోడ్డు వాళ్లది.

"జోగమ్మా, స్లాబు" అన్నాను.

"పండుగ సారూ" అంది ఆమె, నేనేదో అడగరానిది అడిగినట్టు. "ఇయ్యాల పనిలకు ఎట్ల వస్తం? రేపు వస్తం."

"రేపు మృగశిర. రేపటికి ఈ పని నాది కాదు. దామోదరం గారిది."

ఆమె నా మొహం చూసింది. ఆ పేరు ఆమెకు తెలుసు. ఆయన లారీ ఎక్కి ఒకసారి పనికి పోయి, తిట్లు తిని, మర్నాడే కాలినడకన ఇంటికి వచ్చిన మనిషి ఆమె.

"ముందు పండుగ కట్నం ఇయ్యి" అంది. ఇచ్చాను. "ఇప్పుడు ఆడు" అంది.

"నేనా?"

"ఆడకుంట ఈ బొంగు దాటినోడు లేడు. పోలీసు జీపు గూడ ఆడే పోయింది."

ఆడాను. పసుపు హెల్మెట్‌తోనే ఆడాను. వరుసలో నా కాలు ఒక్కటే ఎప్పుడూ తప్పుతుంటే ఆడవాళ్లు పాట ఆపి మరీ నవ్వారు. ఒక చుట్టు తిరిగేసరికి నాకూ నవ్వొచ్చింది. చెయ్యగలిగింది ఏమీ లేనప్పుడు ఆడటంలో ఒక సుఖం ఉంది. ఆ సంగతి పాలిటెక్నిక్‌లో చెప్పరు.

అప్పుడే అడవి వైపు కుక్కలు మొరిగాయి. వేటకు పోయిన మగవాళ్లు అనుకున్నదానికన్నా ముందే వచ్చేశారు. రోడ్డు మీదికి రాకుండా పొదల వెనక నుంచి ఇళ్ల వైపు జారుకోబోయారు. జోగమ్మ పసిగట్టింది. విల్లంబులు ఉన్నాయి, బరిసెలు ఉన్నాయి, కుక్కలు ఉన్నాయి. వేట లేదు. ఒక్క కుందేలు కూడా లేదు.

భూమి పండుగ నాడు వట్టి చేతులతో వచ్చిన మగవాళ్లకు జరిగే మర్యాద చూడాలి. ఆడవాళ్లు ముందే కలిపి పెట్టుకున్న పేడనీళ్లు, బురద తీసుకుని వెంటపడ్డారు. ముత్తయ్య అందరికన్నా ముందు దొరికాడు. "కొండగొర్రె కనపడ్డది, కానీ..." అని ఆయన మొదలుపెట్టేలోపే తల నుంచి కాళ్ల దాకా బురద. ఆడవాళ్లు ఏ శిక్ష వేస్తే అది ఆ పూట మగవాళ్లు పడాల్సిందే, ఎదురు చెప్పకూడదు. మామూలుగా ఏదో జరిమానాతో పోతుంది. జోగమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని వాళ్లనూ, నన్నూ, మబ్బునూ చూసింది.

"అడవిల ఈగను గూడ కొట్టలే మీరు. నడువుర్రి. పోయి సారు స్లాబు కొట్టుర్రి."

మగవాళ్లు బిత్తరపోయారు. ముత్తయ్యకు ఒక ఆశ కలిగింది. "పండుగపూట పని చెయ్యొద్దు గదనే?" అన్నాడు. అందరూ ఊరి పూజారి వైపు చూశారు. ముసలాయన, చెట్టు నీడన చుట్ట కాల్చుకుంటున్నాడు. నా ప్రాణం ఆ చుట్ట చివర ఉంది. ఆయన తొందరపడలేదు.

"ఇయ్యాల భూమిని దున్నొద్దు, తవ్వొద్దు" అన్నాడు. పొగ వదిలాడు. "ఇసుక మోసుకొని పైకి పోతే భూమికేం నొప్పి?"

అంతే, ట్రాక్టరు నిండింది.

దామోదరం గారి ఆట

బురద కారుతున్న వేటగాళ్లతో ట్రాక్టరు సైటులోకి వచ్చేసరికి టౌను మేస్త్రీలు తాపీలు కింద పెట్టి చూశారు. జలీల్ సాబ్ "యా అల్లా, వీళ్లకేమైంది?" అన్నాడు. చెప్పే తీరిక లేదు. మిక్సరు తిప్పాం. నిచ్చెన మెట్ల మీద మనిషికి మనిషి అందుకుంటూ తట్టలు పైకి లేచాయి. ఆ రోజు వాళ్లు పనిచేసినట్టు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. కారణం ఉంది. శిక్ష సరిగ్గా పడుతోందో లేదో చూడటానికి ఆడవాళ్లందరూ వెనకాలే వచ్చేశారు. వెదురు బొంగు కూడా తెచ్చారు. సైటు గేటు ముందు దాన్ని అడ్డం పెట్టి, డోలు కొట్టి, మణుగూరు బజారు రోడ్డు మీదే పండుగ మొదలుపెట్టారు. పైన ఎవడి చెయ్యి నెమ్మదించినా కింద నుంచి వాడి పేరు పెట్టి పాట కట్టేవాళ్లు. ముత్తయ్య మీద కట్టిన పాటలో కొండగొర్రె కూడా వచ్చింది.

సగం స్లాబు అయ్యేసరికి దామోదరం గారు లేచాడు. ఇక ఇక్కడ తనకు పని లేదని ఆయనకు అర్థమైంది. జీపు ఎక్కాడు. గేటు దగ్గర బొంగు అడ్డం.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ కదల్లేదు. దామోదరం గారు నోటు తీసి కిటికీలోంచి ఇచ్చాడు. జోగమ్మ తీసుకుని కొంగున ముడివేసుకుంది. "ఇగ దిగు సారూ" అంది.

నేను పైనుంచి చూస్తున్నాను. సైదులు కూడా వైబ్రేటరు ఆపకుండానే మెడ చాచాడు. దామోదరం గారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత దిగాడు. తెల్ల చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. రెండు అడుగులు కుడికి, రెండు అడుగులు ఎడమకు వేశాడు. ఆశ్చర్యం ఏమిటంటే ఆయన కాలు తప్పలేదు. చిన్నప్పుడు ఎక్కడ చూశాడో, ఎక్కడ ఆడాడో మరి. మూడో చుట్టుకు ఆయన మొహం మీద నవ్వు కనపడింది. అన్నేళ్లు ఆయన దగ్గర పనిచేసి నేను ఆ నవ్వు చూడలేదు. నాకు ఒక్కసారిగా ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ తర్వాత ఆయన వెళ్లిపోలేదు. పైకి వచ్చి బీముల మీద నడిచి, ఒకచోట కాంక్రీటు సరిగా దిగలేదని వైబ్రేటరు పెట్టించాడు. ఆయన అంతే, ఆ గుణం పోదు. ఆ మబ్బు కురవకముందే, పొద్దు వాలేలోగా ఆఖరి తట్ట పడింది. అన్నం దగ్గర నా పక్కనే కూర్చున్నాడు.

"నర్సింహం, ఈ లేబరును ఎక్కడ పట్టినవయ్యా?"

"నేను పట్టలేదు సార్. వాళ్లే నన్ను పట్టిన్రు."

ఆయన ముక్క నములుతూ తల ఊపాడు. నా ఒడ్డు నాకు దొరికిందని ఆయన నోటితో అనలేదు. "నా సెంట్రింగ్ సామాను తొందరపడి విప్పకు. పొడుగు బీములు. కిరాయి సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద దీవెన నేను ఆశించలేదు.

జలీల్ సాబ్ తిన్నవాళ్లకు తిన్నంత పెట్టి, మిగిలిన మాంసం మోదుగాకుల్లో కట్టించి వేటగాళ్లకు ఇచ్చాడు. మేక తలకాయ ముత్తయ్యకు దక్కింది. దాన్ని బరిసెకు గుచ్చి భుజాన వేసుకుని, వేట కొట్టినవాడి నడక నడుస్తూ ట్రాక్టరు ఎక్కాడు. జోగమ్మ నవ్వు ఆపుకోలేక గేటు పట్టుకుని కూర్చుండిపోయింది.

మర్నాడు మృగశిర చెప్పిన మాట తప్పలేదు. తెల్లారి వాన పడింది. స్లాబు అప్పటికే గట్టిపడింది కాబట్టి చెడలేదు, పైగా అది పగలకుండా రోజూ నీళ్లు కొట్టే పని మాకు తప్పించింది. సెంట్రింగ్ విప్పిన రోజు జలీల్ సాబ్, నేను హాలు నడుమ నిలబడి తలలెత్తి చూశాం. పైన వాన దంచుతోంది. లోపల ఒక్క చుక్క లేదు. ఆయన నన్ను గట్టిగా కౌగలించుకున్నాడు. చలికాలంలో ఆయన కూతురి నిఖా అందులోనే జరిగింది. నేను చివరి వరుసలో కూర్చుని బిర్యానీ తింటూ చూశాను. పెళ్లికొడుకు బాగా కనపడ్డాడు.

మీకు చెప్పేది

సిమెంటు దొరకదు, ఇనుము ధర ఆగదు, ఓనరు మాట మీద ఉండడు, వాన చెప్పి రాదు. ఈ కష్టాలు మీరు ఎట్లాగూ నేర్చుకుంటారు. మీ సైటుకు వచ్చే మనిషికి మీ సైటు కాక ఇంకో బతుకు ఉందని మాత్రం ఎవరూ చెప్పరు. ఆ బతుకులో పండుగ ఉంటుంది, ఆకు కోత ఉంటుంది, చుట్టాలు ఉంటారు. పోయి అడగండి. అడిగి, వాళ్ల రోజులు పోను మిగిలిన రోజుల్లో మీ స్లాబు పెట్టుకోండి. లేబరు రావట్లేదని ఏడ్చే కాంట్రాక్టర్లలో ఎక్కువమంది అడగనివాళ్లే. ఆ తర్వాత నేను ఆ అడవి అంచున ఎన్ని కట్టినా, రోజు పెట్టేముందు ఆ గూడెం పూజారి దగ్గర కూర్చుని ఆయన చుట్ట అయ్యేదాకా ఆగేవాణ్ణి. ఒక్క స్లాబు కూడా ఆగలేదు.

పని మానేశాక కూడా వేసవి చివర కాలు ఆగదు. పోయిన ఏడు భూమి పండుగ అని తెలిసి కారులో బయలుదేరాను. కట్టేది ఏమీ లేదు, ఊరికే. అదే మలుపు దగ్గర వెదురు బొంగు అడ్డం ఉంది. కొత్త కోడళ్లు, నన్ను ఎరగనివాళ్లు, కారు చుట్టూ చేరి చెయ్యి చాచారు. నేను జేబులో చెయ్యి పెట్టాను. రోడ్డు పక్కన మంచం మీద ముసలి జోగమ్మ కూర్చుని ఉంది. కళ్లు చికిలించి చూసి, ఆ పాత గొంతుతోనే కేకేసింది.

"ఆయన దగ్గర పైసలు తీసుకోకుర్రి. దించి ఆడించుర్రి."